ఉగ్రాణంలో ఎత్తుడుమర

సుదర్శనం గారింట్లో ప్రేమానందానికి తెలిసిన చోట్లు మూడే. పెరటి తలుపు, బావి గట్టు, సరుకులు దాచే ఉగ్రాణం కిటికీ. ఏడేళ్ళుగా ఆ ఇంటి ఇనుప పనంతా అతనే చేస్తున్నా నాలుగో చోటు చూసింది లేదు. తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి వైష్ణవుల ఇళ్ళ సంగతి ఒకరు చెప్పాలా? క్రైస్తవ మిషను పనిబడిలో నేర్చిన పనితనాన్ని బావి గట్టు దాకా రానిచ్చేవాళ్ళు. అతన్నీ అంతవరకే.

సుదర్శనం కచేరీలో పెద్ద గుమాస్తా. ఆయన తమ్ముడు పోయి పదకొండేళ్ళయింది. తమ్ముడి భార్య గోదాదేవి ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పిల్లల్లేరు. ఉగ్రాణం పనంతా ఆమె మీదే నడిచేది. తాళంచెవి మాత్రం తోడికోడలు పంకజవల్లి నడుముకు ఉండేది, బరువులు గోదాదేవివి. మడి గది కాబట్టి పనివాళ్ళు గడప తొక్కకూడదు. చింతపండు కుండలు, బెల్లం బుట్టలు, ఉత్సవాలకు చుట్టాలు దిగినప్పుడు వంటకు దించే ఇత్తడి అండాలు, గంగాళాలు అన్నీ అటక మీదే. దించాలన్నా ఎక్కించాలన్నా నిచ్చెనా, ఆమె భుజాలూ.

ఆ ఏడు ఆషాఢంలో ప్రేమానందం కిటికీకి ఊడిన కమ్మీ బిగిస్తుంటే, లోపలినుంచి గోదాదేవి గొంతు తగ్గించి పిలిచింది.

"ప్రేమానందం, ఒక మాట చెప్తాను. ఎవరి దగ్గరా అనగూడదు."

"సెప్పండమ్మా."

"నా కుడి భుజం పోయింది. చెయ్యి చెవి దాకా లేస్తే ఒట్టు. అండాను నెత్తితో తోసి ఎక్కిస్తా ఉండాను."

"అయ్యగారితో సెప్పరాదా అమ్మా?"

"చెప్తే? పనికి రాని మనిషిని ఏం చేస్తారు? నాయుడుపేటలో మా తమ్ముడి దగ్గరికి తోలేస్తారు. పోయినసారి వాళ్ళింటికి పోయినాను. మూడు దినాలు బాగానే చూసినారు. నాలుగో దినం అందరికీ ఆకులేసి నాకు మరిచిపోయినారు. మరిచిపోయినారంట!" అని నవ్వింది. కమ్మీల వెనక ఆ నవ్వు సగమే కనబడింది. "ఈ చెయ్యి ఆడినన్ని దినాలే నాకీ ఇల్లు."

ప్రేమానందం కమ్మీ బిగించి వెళ్ళాడు. వారం రోజులు ఆలోచించి, సుదర్శనం బావి దగ్గర పళ్ళు తోముకునే వేళ చూసుకొని వచ్చాడు. గోదాదేవి పేరే ఎత్తలేదు.

"సామీ, అండాలు సొట్టలు పడతా ఉండాయి. నిచ్చెన మింద జారుతాయి గదా. యుద్ధం రోజులు, ఇత్తడి యాడ దొరుకుతాది? నేనొక మర చేసిస్తా. తిప్పితే బరువు దానంతట అదే పైకి పోతాది."

మనిషి భుజం అరిగిందంటే సుదర్శనం ఏమనేవాడో గాని, ఇత్తడి సొట్ట అనేసరికి పుక్కిలించిన నీళ్ళు ఉమ్మేసి వెంటనే తల ఊపాడు.

ప్రేమానందం పలమనేరు సంతకు పోయి, విరిగిన చెరుకు గానుగ పళ్ళచక్రం ఒకటి పాత ఇనుములో ఏరుకొచ్చాడు. రెండు నిలువు కొయ్యలు, వాటి నెత్తిన గిలక, నడుమ రోకలి లావు ఇరుసు. ఇరుసుకు చుట్టుకునే పీచు మోకు. ఒక పక్క తిప్పే పిడి, రెండో పక్క పళ్ళచక్రం. ఆ పళ్ళ మీద పడేటట్టు బొటనవేలంత ఇనుప నాలిక. పిడి తిప్పితే నాలిక ఒక్కో పన్నూ దాటి టక్కుమని పడుతుంది. చెయ్యి వదిలేసినా చక్రం వెనక్కి రాదు, బరువు ఎక్కడిదక్కడ నిలుస్తుంది. అడుగున నాలుగు చెక్కచక్రాలు పెట్టాడు, ఏ మూలకంటే ఆ మూలకు ఆడమనిషి తోసుకుపోయేటట్టు.

అతని భార్య తాయమ్మ నడుం మీద కడవతో నిలబడి మరను ఎగాదిగా చూసింది.

"వాళ్ళ అండాలకు మర. నా నీళ్ళ కడవకు?"

"నీకు నేనుండాను గదా."

"ఆఁ, నువ్వు ఎత్తినట్టే. నువ్వెత్తింది నీ చెంబొకటే." కడవ నీళ్ళు అతని మీద చిలకరించి పోయింది.

మరను పెరట్లో దించాక పంకజవల్లి దాని మీద పసుపునీళ్ళు చల్లించి, తులసిదళం వేయించి లోపలికి తీసుకుంది. చేసిన వస్తువుకు శుద్ధి చేసుకునే దారి ఉంది. చేసినవాడు కిటికీ బయట నిలబడి చెప్పాడు:

"అమ్మా, సెవులతో పని చేయాల. టక్కు టక్కుమని ఇనబడినంతసేపూ మీకు బయం లేదు. అలిసిపోతే చెయ్యి వదిలేయండి, మార్చుకోండి, కూసోండి. దించేటప్పుడు మాత్రం నాలికను ఏలితో ఎత్తి, పిడి గట్టిగా పట్టుకొని నిదానంగా ఇడవండి. ఆ నాలిక ఆడతా ఉండాల. అదే మరకు పానం."

గోదాదేవి ఖాళీ అండా కట్టి తిప్పింది. టక్కు, టక్కు, టక్కు. నడిమధ్యలో చెయ్యి వదిలేసింది. అండా గాల్లో నిలిచింది. ఆమె దాని కింద నిలబడి తల పైకెత్తి చూసి, "కొండ మీది గంట మాదిరి ఉండాది," అంది. ఎడమ చేతికి మార్చుకొని మళ్ళీ తిప్పింది. ఆ తర్వాత మూడు నెలలు ప్రేమానందం ఆ వీధిన పోయినప్పుడల్లా ఉగ్రాణం వైపు చెవి పెట్టేవాడు. చప్పుడు వినబడితే నడక కొంచెం తేలికయ్యేది.

దసరా వచ్చింది. కొండ మీద ఉత్సవాలు. ఇల్లంతా చుట్టాలు. అండాలన్నీ దిగాయి. ఆయుధపూజ నాడు ఊళ్ళో కొలిముల దగ్గరా బళ్ళ దగ్గరా పూలు పెట్టడం ప్రేమానందం ఎరుగును. ఆ ఇంటి ఆనవాయితీ ఎరగడు. ఆ ఇంట్లో ముత్తైదువ ప్రతి పనిముట్టుకూ పసుపుదారం కడుతుంది. దారం ఊరికే చుట్టరు. ఆడే భాగాన్ని ఆడకుండా కడతారు. కత్తెర రెక్కలు కలిపి కడతారు, రోకలిని రోలుకు కడతారు, తక్కెడ ముల్లును కడతారు. ఏడాదంతా చాకిరీ చేసిన వస్తువుకు ఆ ఒక్కరోజు విశ్రాంతి. దశమి నాడు ముత్తైదువే మళ్ళీ విప్పుతుంది. ఇంకొకరు విప్పకూడదు. ఆ దారానికి విధవ చెయ్యి తగలనే కూడదు.

పంకజవల్లి మర దగ్గర కూర్చొని, దీంట్లో ఆడేది ఏదా అని వెతికింది. నాలిక దొరికింది. దాన్ని పైకెత్తి, పళ్ళకు అందకుండా, పక్క కొయ్యకు నాలుగు చుట్లు చుట్టి ముడేసి కుంకుమ పెట్టింది.

దశమి మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కత్తెర, రోలు, తక్కెడ విప్పింది. ఉగ్రాణంలో మూలనున్న మర సంగతి మరిచింది. చుట్టాలతో స్వామి వాహనం ఊరేగింపు చూడ్డానికి బయల్దేరుతూ, గడపలో నిలబడి, "గోదా, మేమొచ్చేలోగా అండాలు అటకెక్కిపోవల్ల. కాలు పెట్టే దానికి చోటు లేదు," అని చెప్పి వెళ్ళిపోయింది. సుదర్శనమూ వాళ్ళతోనే వెళ్ళాడు.

అదే పూట ప్రేమానందం బావి గిలకకు కొత్త ఇరుసు వేయడానికి వచ్చాడు. సుత్తి దెబ్బకూ సుత్తి దెబ్బకూ నడుమ అతనికి మోకు కిర్రుమనడం వినబడింది. మర తిరుగుతోంది. సుత్తి ఆపాడు. కిర్రు... కిర్రు... టక్కు లేదు.

ఒక్క ఉరుకున కిటికీ దగ్గరికి పోయాడు. అన్నిటికన్నా పెద్ద అండా, లోపల రెండు గంగాళాలు పేర్చి, ఆమె తలకు పైన వేలాడుతోంది. గోదాదేవి రెండు చేతులా పిడి పట్టుకొని వంగి ఉంది. నాలిక పసుపుదారంతో పైకి కట్టేసి ఉంది.

"అమ్మా! నాలిక!"

"చూసినాను." పళ్ళ సందునుంచి వచ్చింది మాట. "అక్క కట్టిన దారం... నేను విప్పగూడదు. చెయ్యి మార్చకుండా తిప్పేస్తే చాలనుకొంటిని... భుజం ఆగిపోయింది. పైకి పోదు. దించనూ లేను."

"వదలగాకండి! పట్టుకోండి, నేనొస్తా!"

కిటికీనుంచి ఉగ్రాణం పెరటి తలుపు ఆరడుగులు. తలుపు తెరిచే ఉంది. గడపకు పసుపు, పొద్దున వేసిన ముగ్గు, మామిడాకులు. ప్రేమానందం కుడి కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు ముగ్గు పైన గాల్లోనే నిలిచిపోయింది.

ఎవరూ అడ్డు రాలేదు. ఎవరూ చూడ్డం కూడా లేదు. ఏడేళ్ళుగా ఆ కాలికి నేర్పిన పాఠమే దాన్ని పట్టుకుంది. "అయ్యగారూ! లోపల ఎవురైనా ఉండారా? అమ్మగారూ!" అని కేకలేశాడు. ఇల్లు ఖాళీ అని తెలిసీ కేకలేశాడు. ఇంకో కేక వేయబోతుండగా లోపల పిడి తిరిగిన చప్పుడైంది. గాలిపటం చరఖా తిరిగినట్టు గిర్రున. ఎముక చప్పుడు ముందు, ఇత్తడి చప్పుడు తర్వాత.

అప్పుడు దాటాడు గడప. ముగ్గు చెరిగింది. ఏడేళ్ళలో మొదటిసారి ఆ గదిని లోపలినుంచి చూశాడు. చింతపండు వాసన, గోడకు తిరునామం, నేల మీద గోదాదేవి. వెనక్కి తిరిగిన పిడి ఆమె కుడి ముంజేతిని రెండు చోట్ల విరిచేసింది. ఆ చేతి మీదే అండా పడింది. ఎత్తి పక్కకు నెట్టాడు. ఆమె కేక పెట్టలేదు. "సొట్ట పడిందా?" అని అడిగింది. అండాకేసి చూస్తూ అడిగింది.

తువ్వాలుతో కట్టు కట్టి, వీధిలోకి పరిగెత్తి బండి పిలిచి, ఆసుపత్రికి చేర్చింది ప్రేమానందమే. నాలుగో రోజు మోచేతి పైదాకా చెయ్యి తీసేశారు.

ప్రమాదం జరిగిన మర్నాడు అతను తన పనిసామాన్లకోసం తిరిగి వచ్చేసరికి ఉగ్రాణంలో పేడనీళ్ళు కొట్టి కడుగుతున్నారు. కడుగుతున్నది నెత్తురును మాత్రమే కాదు, అతని అడుగులనూ. మరను పెరట్లోకి ఈడ్చి పడేశారు. సుదర్శనం దాని పక్కనే నిలబడి ఉన్నాడు. వెనక తలుపు నీడలో పంకజవల్లి.

"ఏం ప్రేమానందం, మరలో లోపమా?"

ప్రేమానందం నాలిక వైపు చూశాడు. నాలుగు చుట్లు, ముడి, కుంకుమ. పంకజవల్లి కూడా అటే చూస్తోంది. ఆమె మొహం పాలిపోయింది. నోరు తెరవబోయింది, తెరవలేదు. చెప్పడానికి అతనికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: చూసినవాడివి, నువ్వేం చేస్తా ఉంటివి?

"నాలిక పడలేదు సామీ," అన్నాడు.

"అంటే నీ పనిలో లోపమే గదా."

"అవును సామీ."

"తీసుకుపో. ఇంకో తూరి ఈ గుమ్మానికి రావద్దు."

పంకజవల్లి లోపలికి వెళ్ళిపోయింది.

మరను ఇంటికి తోసుకొచ్చి కొలిమి పక్క నిలబెట్టాడు. తాయమ్మ దారం విప్పబోతే, "ఉండనీ," అన్నాడు. ఆమె అతని మొహం చూసి చెయ్యి తీసేసింది. ఆ రోజు ఎకసెక్కం ఆడలేదు.

కార్తీకం వస్తుండగా కబురు తెలిసింది. గోదాదేవిని నాయుడుపేట పంపించేస్తున్నారని. ప్రేమానందం బస్సులు ఆగే చోటికి వెళ్ళాడు. పెట్రోలు దొరకని రోజులు కాబట్టి బొగ్గుతో నడిచే బస్సు. వెనక పొయ్యి రాజేయడానికి నడివయసు క్లీనరు పంకా పిడి పట్టుకొని గరగరా తిప్పుతున్నాడు. ఆ చప్పుడుకు గోదాదేవి తల తిప్పలేదు. కుడి వైపు పైట నిండుగా కప్పుకొని, రేకు పెట్టె మీద కూర్చొని ఉంది. తోడు వచ్చిన బంట్రోతు అంగడి దగ్గర బీడీ కాలుస్తున్నాడు.

"అమ్మా."

"వచ్చినావా." అతన్ని చూసి కొంచెం జరిగింది, పక్కన చోటిచ్చినట్టు. అతను నిలబడే ఉన్నాడు. "తప్పు నీ మీద పెట్టినారంట గదా. నేను బావగారితో చెప్తిని, దారం సంగతి. మందు మత్తులో వాగతా ఉండాదన్నారు."

"పోనీండమ్మా."

"మీ తమ్ముడు బాగా సూసుకుంటాడులేండి" అనాలనుకున్నాడు. కానీ అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

క్లీనరు ఎక్కమని కేకేశాడు. ప్రేమానందం వంగి ఆమె పెట్టె అందుకున్నాడు. ఎవరూ వద్దనలేదు. బస్సు పైకి ఎక్కించి దిగేసరికి ఆమె మెట్టు మీద ఒంటి చేత్తో కమ్మీ పట్టుకొని నిలబడి ఉంది.

"ఒక మాట, ప్రేమానందం. నిన్ను తప్పు పట్టి కాదు." ఆమె గొంతు ఆషాఢంలో కిటికీ వెనక ఉన్నట్టే మెల్లగా ఉంది. "ఆ దినం భుజం ఆగిపోయినప్పుడు, పిడి వదిలేసి పక్కకు దూకేద్దామనుకొంటిని. అండా పోతే పోయింది, తిట్లు తింటాం, అనుకొంటిని. అంతలో నువ్వు పట్టుకోండి, నేనొస్తా అంటివి."

అతను తల ఎత్తలేదు.

"అందుకే పట్టుకొని ఉంటిని," అంది. "వస్తావని."

బస్సు కదిలింది. బొగ్గు పొగ రోడ్డంతా కమ్మింది. చిల్లర అడుక్కునేవాళ్ళు దగ్గుకుంటూ పక్కకు తప్పుకున్నారు. ప్రేమానందం పొగలోనే నిలబడ్డాడు. కుడి కాలు కొంచెం ముందుకు పడి ఉంది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నాడు.