నారింజ తొక్క, ఎండిన చెక్క

డిసెంబరు రెండవ తేదీ, సోమవారం. ఆఫీసు తెరిచే వేళకు లిఫ్టులో ఉన్నవారు ముగ్గురు: లిఫ్టు నడిపే మనిషి, పై అంతస్తులో కాంటీన్ నడిపే ఆమె, ఈ మధ్యనే బదిలీ అయి వచ్చిన లిఫ్టుల తనిఖీ అధికారి.

లిఫ్టు మనిషి ఎడమచేత్తో జాలీ తలుపు లాగి, కుడిచేత్తో ఇత్తడి పిడి తిప్పాడు. మోచేతులు రెండూ పక్కటెముకలకు అదిమిపెట్టుకొని, మణికట్టుతో మాత్రమే పని కానివ్వడం అతని అలవాటు. చెయ్యెత్తితే చంకల్లో గాలి ఆడుతుందని భయం. తలుపు తెరిచి ఉన్నప్పుడు తప్ప ఊపిరి కూడా గట్టిగా వదిలేవాడు కాదు.

"ఏంటన్నయ్యా, ఇవాళ పెళ్లిచూపులా? గుప్పుమంటున్నావ్!" అంది కాంటీనామె.

"ఊరుకోమ్మా, ఆఫీసరుగారున్నారు," అన్నాడతడు గోడవైపు తిరిగే.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ ఉదయం అతడు మామూలుకన్నా ఎక్కువ సెంటు పూసుకున్నాడు. పదవీ విరమణ వయసు దాటినా ఏడాదికోసారి కొనసాగింపు ఇస్తూ వచ్చారు. ఈసారి తనిఖీ ఏ మాటా పడకుండా గడిస్తేనే ఇస్తామని సూపరింటెండెంటు ముందే చెప్పాడు. లిఫ్టు మూలనున్న ఈ స్టూలు తప్ప పగటిపూట కూర్చునే చోటు అతనికి ఇంకొకటి లేదు. అధికారి జేబులోంచి చేతిరుమాలు తీస్తే తన పని అయిపోయినట్టేనని అతడు తెల్లవారుజామునుంచీ అనుకుంటూనే ఉన్నాడు.

అలా ఒకసారి జరిగింది. పెళ్లయిన కొత్తలో, ఒక పెద్ద అధికారి లిఫ్టులో అడుగుపెట్టి, రుమాలుతో ముక్కు మూసుకొని వెంటనే దిగిపోయాడు. మర్నాడు అప్పటి సూపరింటెండెంటు పిలిచి, "ఒంటి శుభ్రం చూసుకోవయ్యా, నలుగురూ ఎక్కే చోటు," అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మెత్తదనమే అతనికి లోపలిదాకా దిగింది. సాయంత్రం తిన్నగా సెంట్ల దుకాణానికి వెళ్లాడు. మూసిన పెట్టెలాంటి చోట ఘాటైన అత్తర్లు తలనొప్పి తెస్తాయని చెప్పి, దుకాణదారు తేలికైన సీసా ఒకటి చేతికిచ్చాడు. పూసుకోగానే గోటితో నారింజ తొక్క చీల్చినట్టు చల్లగా చిమ్మేది. కాసేపటికి ఆ పులుపు ఆరిపోయి, చిత్రిక పట్టిన ఎండు చెక్క వాసన మిగిలేది. మెడకు రెండువైపులా, చెవుల వెనుక, మోచేతి మడతల్లో పూసుకునేవాడు. మధ్యాహ్నం మళ్లీ. ఆఫీసంతటికీ అతడు సెంటు బాబాయ్ అయ్యాడు. ఆ పరిమళం అడుగున ఉన్న కంపు గురించి ఎవరూ ఎత్తేవారు కాదు, మర్యాదకొద్దీ. వానాకాలంలో అది మరీ ఎక్కువయ్యేది. ఉక్కకు తనకే చెమట ఎక్కువ పడుతోందని అతడు సరిపెట్టుకునేవాడు.

వెల్లుల్లి మానేశాడు. మంచం వసారాలోకి మార్చుకున్నాడు. సాయంత్రం కూతురు చేతులు చాచి పరిగెత్తుకొస్తే, "ఆగమ్మా, స్నానం చేసొస్తా," అనేవాడు. అతడు ఒళ్లు రుద్దుకొని వచ్చేసరికి పిల్ల నిద్రపోయేది. భార్య మొదట్లో నవ్వింది, తరువాత పోట్లాడింది, ఆ తరువాత ఊరుకుంది. "మీ దగ్గర ఏ వాసనా లేదండీ, నా మాట నమ్మండి," అని ఆమె ఎన్నిసార్లు అన్నా, కట్టుకున్నది గనక అలా అంటోందనే అతని నమ్మకం. కూతురు అత్తవారింటికి వెళ్లిపోయాక, జబ్బుపడి మంచం దిగలేని రోజుల్లో, "ఆ సెంటూ గింటూ ఏం వద్దు, కాసేపు పక్కన పడుకోండి," అని అడిగింది. అతడు స్నానం చేసి, సెంటు పూసుకొని, మంచానికి మూరెడు దూరంలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఆమె చెయ్యి దుప్పటి అంచు దాటి కొంత దూరం వచ్చి, అక్కడే ఆగింది. ఆమె పోయి మూడేళ్లయింది.

"ఏదో వాసన వస్తోందే," అన్నాడు తనిఖీ అధికారి.

లిఫ్టు మనిషికి పిడి మీద చెయ్యి తప్పింది. లిఫ్టు అంతస్తుకు జానెడు కిందనే ఆగిపోయింది.

అధికారి రుమాలు తీయలేదు. మోకాళ్ల మీద వంగి, గడప సందులో ముక్కు పెట్టాడు. "లిఫ్టు కింద గుంత ఎప్పుడు తెరిచారు?"

కబురందుకున్న సూపరింటెండెంటు మెట్లు దిగి వచ్చాడు. "ఎందుకు సార్ మీకంత శ్రమ? టీ చెప్పాను. ఇంతకుముందు వచ్చినవారంతా నా గదిలోనే సంతకం పెట్టేవారు."

"వాళ్ల సంతకాలు వాళ్లవి. తెరిపించండి."

లిఫ్టును పైకి పంపి కింది జాలీ తీయగానే, చుట్టూ చేరిన ఆఫీసు జనం నాలుగడుగులు వెనక్కి పడ్డారు. టార్చి వెలుగులో నల్లటి నీళ్లు, వాటిమీద మీగడలా కట్టిన తెట్టు, ఉబ్బిన ఎలుకలు. గోడవెంట మరుగుదొడ్ల గొట్టం పొడుగునా పగిలి, ఆ పగులు చుట్టూ తుప్పు గడ్డలు కట్టి ఉంది.

"ఇది నిన్నా మొన్నటిది కాదు," అన్నాడు అధికారి. "కట్టడం అయిన నాటినుంచే కారుతున్నట్టుంది." లిఫ్టు మనిషివైపు తిరిగాడు. "ఇంత కంపులో ఎలా కూర్చున్నావయ్యా? ఎవరికైనా చెప్పొద్దూ?"

"నాదే అనుకున్నానండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత ఎవరో కిసుక్కుమన్నారు, దాంతో అందరూ పగలబడి నవ్వారు. "అయితే బాబాయ్, సెంటు దుకాణంవాడికి మేడ కట్టించావన్నమాట!" అన్నాడు ఒక గుమాస్తా. అతడూ నవ్వాడు. కాంటీనామె కూడా నవ్వబోయి, అతని ముఖం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "టీ తెస్తా ఉండన్నయ్యా," అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

లిఫ్టుకు తాళం వేశారు. మధ్యాహ్నం అతడు చేతులు కడుక్కునే తొట్టి దగ్గర చొక్కా విప్పి, మెడ, చెవుల వెనుక, మోచేతి మడతలు నీళ్లతో రుద్దుకున్నాడు. ఆరేదాకా నిలబడి, ముంజేయి ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. కాస్త ఉప్పు, కాస్త నూలుబట్ట. అంతకుమించి ఏమీ లేదు. రెండో చెయ్యీ చూసుకున్నాడు. అతడు అలా ఎంతసేపు వాసన చూసుకున్నాడంటే, చేతులు కడుక్కోవడానికి వచ్చిన గుమాస్తా తలుపు దగ్గరే ఆగి వెనక్కి వెళ్లాడు.

సాయంత్రం సూపరింటెండెంటు కొనసాగింపు కాగితం ముందుకు జరిపాడు. "నీ తప్పేం లేదని తేలిందిగా. బాగుచేయించాక ఇంకో ఏడాది కూర్చో."

"వద్దండి."

"ఇంట్లో ఎవరున్నారయ్యా?"

"ఇప్పుడెవరూ లేరండి."

కాగితం మీద ఇష్టం లేదన్న మాట కింద సంతకం చేసి, నమస్కారం పెట్టి, మెట్లమీదుగా దిగి వెళ్లిపోయాడు. మోచేతులు పక్కటెముకలకు అంటుకునే ఉన్నాయి.

సూపరింటెండెంటు ఆ కాగితాన్ని రెండు వేళ్ల కొసలతో ఎత్తి, పక్కన తన సంతకం చేశాడు. నాలుగు మడతలు పెట్టి, సొరుగులో తన అన్నం డబ్బాకు తగలకుండా ఒక మూలకు నెట్టాడు.