మాసిన దుప్పట్ల గది

క్యారేజీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ తల్లికి కూతురి ఆయాసం ముందు వినిపించింది. మనిషి తరువాత కనిపించింది. ఆసుపత్రి పడకల మీంచి వచ్చిన మూటలు విప్పి, నెత్తురంటిన దుప్పట్లను, కఫమంటిన దుప్పట్లను వేరు చేయడం కూతురి పని. పందొమ్మిదేళ్లుగా అదే పని. రెండేళ్ల క్రితం ఆ గదిలోనే ఊపిరితిత్తులకు జబ్బు సోకి, ఇరవై ఆరు రోజులు గొట్టంతో ఊపిరి పీల్చి బతికింది. జబ్బు పోయింది, పోతూ పోతూ ఒంట్లోని కాపలాను కూడా పట్టుకుపోయింది. ఊళ్లో ఎవరు తుమ్మినా మంచం పట్టేది ఆమే. వేలి మీది చిన్న గాయం నెల దాటినా మానలేదు.

"నీకు నలభై రెండే. కానీ రోగంతో పోరాడే నీ రక్తకణాలకు డెబ్బై ఏళ్ల ముసలితనం వచ్చిందమ్మా. మాసిన గుడ్డల జోలికి పోవద్దు" అంటూ డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాన్ని లాండ్రీ మేస్త్రీ అటూ ఇటూ తిప్పాడు.

"ఎక్స్‌రే శుభ్రంగా ఉందిగా? ఉతికిన దుప్పట్లు పెట్టే మడతల గది యాభై అయిదు దాటినవాళ్లకే. కార్డులో నీకు నలభై రెండు."

"లోపల డెబ్బై అని రాశారు కదన్నా!"

"లోపలి వయసుకు కార్డులివ్వరమ్మా. పోనీ, మీ అమ్మను బదులు పంపు. ఉక్కుపిండంలా ఉంది."

"దానికేం భాగ్యం!" అంది తల్లి, క్యారేజీ కింద పెట్టి. "నువ్వెళ్లి పడుకో తల్లీ. నా దగ్గరికొచ్చిన రోగాన్ని నాలుగు తిట్లు తిట్టి పంపిస్తా."

మూటలు దించుతున్న ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. "పిన్నీ, నీ కూతురికి నువ్వే కూతురిలా ఉన్నావే!"

తల్లి నవ్వబోయి, కూతురి మొహం చూసి ఆగిపోయింది.

"అమ్మకు అరవై ఆరు" అంది కూతురు. "నీ రూలు ప్రకారం మడతల గదేగా?"

"బదులు మనిషికి రూలేమిటి?"

తల్లి అప్పటికే మూట ముడిలో వేళ్లు దూర్చింది. కూతురు ఆ చేతిని లాగేసి, ముడి మళ్లీ బిగించి, మూట మీద కూర్చుంది.

"నేను పీల్చిన గాలి నువ్వు పీల్చొద్దమ్మా. ఇది నేను విప్పను. నిన్ను విప్పనివ్వను."

"లేవమ్మా, మిషను ఖాళీగా తిరుగుతోంది!" అని మేస్త్రీ అరిచాడు. ఆడవాళ్ల నవ్వు ఆగింది. మూట దించబోయిన ఒకామె దాన్ని నెత్తి మీదే ఉంచుకుని నిలబడిపోయింది.

కూతురికి దగ్గు తెర వచ్చింది. అయినా లేవలేదు. తల్లి వంగి ఆమె వీపు నిమిరింది. కన్నప్పటినుంచి ఎరిగిన వీపు; చేతికి మాత్రం, ఎప్పుడో పోయిన తన తల్లి వీపులా తగిలింది.