నోరు మూసుకున్న ప్రాంప్టరు

యారెమా హ్నాతోవిచ్ ముప్పై ఏళ్ల తర్వాత పుట్టిన ఊరికి వచ్చాడు. సినిమాల్లో సైన్యాధిపతి వేషాలకు ఆయన పెట్టింది పేరు. సూలా నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరు అతిథులకు పట్టే ఆచారం ప్రకారం అల్లికల తువ్వాలు మీద రొట్టె, ఉప్పు పెట్టుకుని ఆయనకు ఎదురెళ్లింది. అరవయ్యో పుట్టినరోజు సందర్భంగా ఊరి నాటకశాలలో రెండు రోజులు కొసాక్కు యోధుల ముసలి దొర వేషం వేస్తానని మాటిచ్చాడు. మాటైతే ఇచ్చాడు గానీ, నాటకంలో మాటలు మాత్రం నేర్చుకోలేదు.

ఆ సంగతి రిహార్సల్లోనే మెలానియా స్తెపానివ్నాకు తెలిసిపోయింది. రంగస్థలం ముందంచున, జనానికి కనబడని గూట్లో కూర్చుని నలభై ఏళ్లుగా నటులకు మాటలందిస్తున్న ప్రాంప్టరు ఆమె. ఈయనకు ప్రతి వాక్యమూ పసివాడికి జావ పట్టినట్టు పట్టాల్సి వచ్చింది.

మొదటి రోజు విరామంలో పత్రికవాళ్ల అమ్మాయి యారెమాను అడిగింది: "అన్నేసి మాటలు ఎలా గుర్తుంటాయండీ మీకు?"

"ఒక్కసారి చదివితే చాలమ్మా, ఉండిపోతాయి. నాకు ప్రాంప్టరెందుకు? ఆ గూట్లో బంగాళాదుంపలు పోసుకోమను."

రెండడుగుల దూరంలో టీ తాగుతున్న మెలానియా గ్లాసు కింద పెట్టేసింది.

రెండో అంకంలో దొర, చనిపోయిన కొడుకు శవం ముందు మాట్లాడాలి. మెలానియా నాటకం పుస్తకం మూసేసింది. యారెమా గూటివైపు చూశాడు. దగ్గాడు. మళ్లీ చూశాడు. ఆమె సంచిలోంచి ఆపిల్ తీసి కొరికింది. నుదుటి చెమట కళ్లలోకి దిగి, ఆయన కళ్లు తుడుచుకున్నాడు. హాల్లో ఎవరో వెక్కారు. అంతే, జనమంతా లేచి చప్పట్లు! ఒక్క క్షణం మెలానియా కూడా చప్పట్లకు చేతులెత్తింది. తన మీద తనకే ఒళ్లు మండింది.

మర్నాడు పత్రికలో 'మహానటుడి మౌనం' అని పడింది. డైరెక్టరు జెనోవీ పావ్లోవిచ్ మెలానియా దగ్గరికి పరుగున వచ్చాడు.

"ఆ మౌనం ఇవాళ కూడా ఉండాలండీ! పుస్తకంలో రాసుకోండి."

"అది మౌనం కాదు బాబూ, మతిమరుపు."

"ఏదైతేనేం, జనం ఏడ్చారుగా!"

"ఉల్లిపాయలు తరిగినా ఏడుస్తారు."

"మీకు కళంటే తెలీదు."

"నిజమే. నాకు మాటలే తెలుసు."

ఆ సాయంత్రం యారెమా గుండెల మీద చెయ్యి వేసుకుని, తీరిగ్గా, రుచి చూస్తూ మౌనం వహించాడు. కానీ ఆ తర్వాతి మాటలూ రావు కదా. గూట్లోకి దీనంగా చూశాడు. మెలానియా లేచి నిలబడింది. పుస్తకం తెరవకుండా, హాలు చివరి వరుసకు వినబడేలా, దొర మాటలన్నీ మొదటినుంచి చివరిదాకా చెప్పేసింది. పైన ఆయన చేపలా నోరు తెరుస్తూ మూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడైనా ఒక్కరు నవ్వుతారేమోనని ఆమె చూసింది. ఒక్కరూ నవ్వలేదు. ముందు వరుసలో ఊరి మేయరు లేచాడు. పూలగుత్తులన్నీ యారెమా కాళ్ల దగ్గర పడ్డాయి.

"భలే ప్రయోగమండీ!" అంటూ తెర వెనక యారెమా ఆమె చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. "కీవ్ వస్తారా నాతో?"

మెలానియా చెయ్యి శాలువా కొంగుకు తుడుచుకుంది. పుస్తకం డైరెక్టరు బల్ల మీద పడేసి, ఇక రానని చెప్పి బయటికి నడిచింది.

బస్సు దగ్గర పక్కింటి ఒదార్కా పట్టుకుంది. "చూశావుటే యారెమా నటన?"

"నాకంటే దగ్గర్నించి చూసినవాళ్లు లేరు."

"ఎలా ఉందే?"

"నాకేం వినబడలేదు," అని మెలానియా బస్సెక్కింది.