మడ్‌గార్డు మీద నాలుగు చిల్లులు

పాత మోటారు సైకిలును బాగుచేద్దామని విప్పిన రోజున ఆయన భార్యకు మాటిచ్చాడు. "మూడు నెలలు ఓపిక పట్టు. నాలుగో నెలలో మొదటి సవారీ నీదే."

మూడు నెలలు కాస్తా నాలుగేళ్ళయ్యాయి. ఈలోగా పెట్రోలు ట్యాంకు మంచం కిందకు చేరింది. చైను కిరోసిన్ డబ్బాలో మునిగింది. కార్బురేటర్ పాత తువ్వాలు చుట్టుకుని బీరువాలో ఆవిడ శాలువాల పక్కన పడుకుంది. ఇంట్లో ఏ డబ్బా మూత తీసినా ఒక నట్టో బోల్టో పలకరించేది. ఒకసారి పంచదారలో వాషరు దొరికితే ఆవిడ కడిగి, తుడిచి తెచ్చి ఇచ్చింది.

"అయ్యో, దీని గురించే కదా నెల రోజులుగా నాకు ముద్ద దిగడం లేదు!" అన్నాడాయన.

ముద్ద దిగకపోవడం ఆవిడ గమనించలేదు. ఆ నెలంతా రోజూ మారు వడ్డించుకున్నాడు.

ఆ మోటారు సైకిలు ఆయన ఇరవై మూడో ఏట ఇంటికి వచ్చింది. ఆవిడ ఆయన ఇరవై అయిదో ఏట వచ్చింది. ఆ ఇంట్లో తను రెండోదాన్నన్న సంగతి ఆవిడ ఏనాడూ మరిచిపోలేదు, మరిచిపోనిచ్చిన వాళ్ళూ లేరు.

కంపెనీ నుంచి వచ్చినప్పుడు బండికి ఒకటే సీటు, స్ప్రింగుల మీద ఊగే తోలు సీటు. పెళ్ళికి వారం ముందు ఆయన ఎవరి దగ్గరో చేతి డ్రిల్లు అడిగి తెచ్చి, వెనక మడ్‌గార్డుకు నాలుగు చిల్లులు పొడిచి, రెండో సీటు బిగించాడు. కంగారులో చిల్లులు వంకరగా పడ్డాయి. సీటు ఎడమకు ఒరిగింది. తర్వాత సరిచేస్తానన్నాడు. నలభై ఏళ్ళు ఆవిడ ఎడమకు ఒరిగే కూర్చుంది.

ఎవరు గడప దాటినా ఆవిడకు భయం. ఆయన పాలకు వెళ్ళినా వీధి మలుపు తిరిగేదాకా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేది. మలుపు తిరిగాక వెనక్కి రాని వాళ్ళు ఆవిడ లెక్కలో చాలామందే ఉన్నారు. ఆ వీడ్కోళ్ళన్నిటి నుంచీ ఇంటికి తిరిగి వచ్చింది ఆ వెనక సీటు మీదే. నాన్నను ఆసుపత్రిలో ఆఖరిసారి చూసి వచ్చింది దాని మీదే. కూతుర్ని హాస్టల్లో దింపి, ఖాళీ ఒళ్ళో చేతులు పెట్టుకుని వచ్చిందీ దాని మీదే. ఇంట్లో ఏడిస్తే ఎందుకని అడుగుతారు. ఆ బండి మీద ఏడిస్తే అడిగే నాథుడు లేడు. ఇంజిన్ మోతలో ముందు కూర్చున్న మనిషికి సొంత దగ్గే వినపడదు. ఇల్లు చేరేసరికి గాలికి ముఖం ఆరిపోయేది. దిగి వంట మొదలుపెట్టేది.

బండి విప్పిన రెండో ఏడు చెల్లెలు పోయింది. అక్కడి నుంచి అద్దె కారులో తిరిగొచ్చారు. డ్రైవరు అద్దంలోంచి చూస్తున్నాడని ఆవిడ ఏడుపు మింగేసింది. అది ఇంకా గొంతులోనే ఉంది. మొదటి సవారీ ఎప్పుడా అని ఆవిడ కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నది అందుకే. ఆ మాట ఆయనతో అనలేదు. ఏమని అంటుంది?

బండి తిరిగి బండిలా నిలబడేసరికి ఆయన పాత బళ్ళ సంఘంలో చేరాడు.

ఆ సంఘంలో సభ్యులు పద్దెనిమిది మంది, బళ్ళు ఇరవై ఆరు, నడిచేవి మూడు. నడిచే బళ్ళున్న ముగ్గురినీ మిగతావాళ్ళు కాస్త చిన్నచూపు చూసేవారు, నడిపితే అరుగుతుంది కదా అని. బండి గొప్పతనమంతా ఒక్క మాటలో ఉంది: ఒరిజినల్. కంపెనీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. ఎవరో సభ్యుడు టైర్లలో గాలి కూడా ఒరిజినలేనా అని సరదాకి అడిగితే, మూడు ఆదివారాలు సమావేశానికి రావద్దన్నారు.

ఒరిజినల్ అని పత్రం ఇచ్చే పెద్దమనిషి పేరు ఎవరికీ గుర్తు లేదు. అందరూ భూతద్దం అనే పిలిచేవారు. చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట అతనికి భూతద్దం ఉండేది.

ఒక ఆదివారం ఆయన సమావేశం నుంచి ఇంటికి ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"ఇదిగో, ఆ వెనక సీటు కంపెనీది కాదట."

"కాదు. మీరు బిగించిందే కదా."

"అదే చెప్తున్నా. దాని వల్ల పన్నెండు మార్కులు పోతాయి. తీయించేస్తున్నా."

"మరి నేనెక్కడ కూర్చోను?"

"బండి నడిపితేగా నువ్వు కూర్చునేది! ముందు పత్రం రానీ. ఆ తర్వాత తీరిగ్గా చూద్దాం."

"నాలుగో నెలలో నాదే అన్నారు."

"అబ్బబ్బ, నీకన్నీ ముందస్తు భయాలే!"

సాయంత్రం కూతురు ఫోన్ చేస్తే ఆవిడ గొంతు తగ్గించి సంగతి చెప్పింది.

"అమ్మా, నాన్నకి పళ్ళు కట్టించుకున్నవి, మోకాలు స్టీలుది, కంట్లో లెన్సు. ఆ భూతద్దాన్ని ముందు నాన్నకి మార్కులు వెయ్యమను."

"ఊరుకోవే, వింటారు."

"వినాలనే చెప్తున్నా. స్పీకర్ పెట్టు."

ఆవిడ పెట్టలేదు. ఆయన ఆ గదిలోనే, చక్రాల చువ్వలకు పాలిష్ పెడుతూ, వినలేదన్నట్టు ఈల వేస్తున్నాడు. పళ్ళు కొత్తవి కావడంతో ఈల సరిగ్గా రాలేదు.

మర్నాడు, నాలుగేళ్ళుగా ఆ బండి పని చూస్తున్న మెకానిక్ వచ్చాడు. కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని, ఇల్లంతా వాటి కోసం వెతికే మనిషి. షెడ్డులో నాలుగు బోల్టులు విప్పి, సీటు చంకలో పెట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, చిల్లుల్లో ఇత్తడి పోసి పూడ్చమన్నారు సార్. పైన రంగు కొడితే మచ్చ కూడా కనపడదు. మీరు వద్దంటే చెప్పండి. వెల్డింగు గ్యాసు అయిపోయిందని ఓ నాలుగు రోజులు లాగుతా."

"నాలుగు రోజులు లాగితే ఏమవుతుంది నాయనా?"

"ఏమోనమ్మా. నాలుగేళ్ళు లాగాం కదా, మనకు చేతనైంది అదే."

ఆవిడకు నవ్వొచ్చింది. సీటు తోలును అరచేత్తో ఒకసారి తుడిచింది. "దీన్ని పారెయ్యకు. కాళ్ళు పెట్టి స్టూలు చెయ్యగలవా? ఎడమ వైపు కాలు కాస్త పొట్టిగా పెట్టు."

"వంకరగానా? పడిపోతారమ్మా."

"సమంగా ఉంటేనే పడిపోతాను. అలవాటు తప్పుతుంది."

చిల్లులు పూడాయి. మడ్‌గార్డుకు నాలుగు పూతల రంగు పడింది. ఆ రంగు ఆరిన నాలుగు రోజులూ దుమ్ము లేస్తుందని ఆయన ఇల్లు ఊడవనివ్వలేదు. వంటింట్లో కొత్త స్టూలు ఉందన్న సంగతి ఆయన పది రోజులకు చూశాడు.

"ఇదెక్కడిది?"

"ఒరిజినల్ కాదులెండి," అంది ఆవిడ కూర తరుగుతూ.

పరీక్ష రోజు భూతద్దం పొద్దున్నే దిగాడు. మెకానిక్ కూడా పనిముట్లతో వచ్చి ఉన్నాడు. షెడ్డులో కాగితాలు పరిపించుకుని, వాటి మీద బోర్లా పడుకుని, బండి కిందకు దూరాడు. ఒక్కో బోల్టు తలకాయ ఎటు చూస్తోందో రాసుకున్నాడు. రబ్బరు వాసన చూశాడు. ఆయన చేతులు కట్టుకుని, పెళ్ళిచూపుల్లో ఆడపిల్ల తండ్రిలా పక్కనే వంగి నిలబడ్డాడు. ఆవిడ టీ తెస్తే, ఆవిరి క్రోము మీద పడుతుందని గుమ్మంలోనే ఆపేశాడు.

"బాగుంది," అన్నాడు భూతద్దం చివరికి, మోకాళ్ళు దులుపుకుంటూ. "ఇక ఒకే చేతి బండి, అంటే మొదట్నుంచీ మీదే అని రుజువు. కొన్న కొత్తలో మీరు దీని మీద ఉన్న ఫోటో, నంబరు ప్లేటు కనపడేలా."

అలాంటి ఫోటో ఇంట్లో ఒకటే ఉంది. పెళ్ళయిన వారానికి తీసింది. ఆయన ముందు, ఆవిడ వెనక.

ఆయన లోపలికి వచ్చి గోడ మీది పటం దింపడం, వెనక మేకులు ఊడదీయడం ఆవిడ వంటింట్లోంచి చూసింది. ఫోటో చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నిలువునా మడిచాడు. మడత మీద గోరుతో గట్టిగా గీశాడు. ఆవిడ వెనక్కి వెళ్ళిపోయింది. ముందు ఆయనా బండీ మిగిలారు.

ఆవిడ స్టూలు మీద కూర్చుని బఠాణీలు ఒలవడం మొదలుపెట్టింది. షెడ్డులో మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"ప్లేటు అదే. పెట్రోలు ట్యాంకు అదే. మీరు మీరే," అంటున్నాడు భూతద్దం. "మీ భుజం మీద ఈ నాలుగు వేళ్ళు ఎవరివండీ?"

"వేళ్ళా?"

"ఇవిగో, చూడండి. ఒకదానికి ఉంగరం కూడా ఉంది."

మడత విప్పిన చప్పుడు ఇంత దూరం వినపడదు గానీ, ఆవిడకు వినపడినట్టే అయింది.

"ఏమండీ, ఇందులో రెండో సీటుంది! మరి బండికి ఏది?"

"అది కంపెనీది కాదని మీరే చెప్పారుగా. పన్నెండు మార్కులు..."

"అది కేటలాగు నియమం. ఇది రుజువు నియమం. ఫోటోలో ఏముందో బండి మీద అది ఉండాలి. లేకపోతే ఇది వేరే బండి అవుతుంది."

"మరి రెండు నియమాలూ ఒకేసారి ఎలా కుదురుతాయండీ?"

"కుదరవు. అందుకే ఇంతవరకూ ఎవరికీ పత్రం రాలేదు," అన్నాడు భూతద్దం గర్వంగా. "ఇప్పుడు మీకు సీటుంటే పన్నెండు పోయినా, రుజువుకు ఇరవై వస్తాయి. చూసుకోండి. నేను మధ్యాహ్నం దాకా ఉంటా."

నిమిషంలో ముగ్గురూ వంటింటి గుమ్మంలో ఉన్నారు. ముందు ఆయన, వెనక భూతద్దం, ఇద్దరి భుజాల మీదుగా మెకానిక్ తలకాయ.

"ఇదిగో, కాస్త లే," అన్నాడాయన.

"ఎందుకు?"

"సీటు కావాలి."

"సీటేనా?"

"సీటు చాలమ్మా," అన్నాడు భూతద్దం మర్యాదగా.

ఆవిడ చేతిలోంచి రెండు బఠాణీలు జారి నేల మీద దొర్లాయి. నలభై నాలుగేళ్ళలో ఎవరు లెమ్మన్నా లేచి నిలబడడమే తప్ప ఇంకోటి తెలియని మనిషి.

"నేను లేవను," అంది.

మెకానిక్ నుదుటి మీది కళ్ళద్దాలు కిందకు లాక్కుని మరీ చూశాడు.

"ఇదేం పంతమే, అవతల టైమవుతోంది!"

"పూడ్చిన చిల్లులు మళ్ళీ పొడవాలిగా. మీ చేత్తో పొడవండి. మొదటిసారి మీరే పొడిచారు. అతనితో కాదు. బిగించాక నన్ను ఎక్కించుకుని తీసుకెళ్ళండి. ఇవాళే."

"నాలుగు పూతలే! కొత్త రంగే!"

"తెలుసు. ఆ దుమ్మంతా నా మంచం కిందే ఉంది."

"పోనీ, ఎక్కడికి వెళ్ళాలి నువ్వు?"

"ఎక్కడికైనా. మోత ఉంటే చాలు."

ఆయన ఆవిడ ముఖం వంక చూశాడు. బండి వంక అంత శ్రద్ధగా చూడడం నాలుగేళ్ళుగా ఆవిడకు తెలుసు. తన వంక చూడడం ఇప్పుడే.

"మీ చెల్లి దగ్గర్నుంచి కారులో వచ్చాం కదూ," అన్నాడు మెల్లగా.

ఆవిడ ఇంకో బఠాణీ కాయ తీసి ఒలిచింది.

"అప్పట్లో... నువ్వు వెనక ఉంటే రెండో గేరులోనే లాగేవాణ్ణి. మోత ఎక్కువుంటుందని."

"ఎందుకు?"

"నా చొక్కా వీపు తడిసేది కదా."

"రెండో గేరులోనా? అంత దూరమా?" భూతద్దం గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇంజిన్ ఏమైపోవాలండీ!"

ఆవిడ లేచింది.

మెకానిక్ స్టూలు కాళ్ళు కోసి సీటు విడదీశాడు. ఆయన డ్రిల్లు పట్టుకున్నాడు. మొదటి చిల్లు దగ్గర మొన జారి, నున్నటి నల్లరంగు మీద జానెడు తెల్లగీత పడింది. భూతద్దం కళ్ళు మూసుకున్నాడు. మెకానిక్ గోడకేసి తిరిగి, తన పనిముట్లు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండోది పూడ్చిన ఇత్తడిలోనే దిగింది. మూడోదీ నాలుగోదీ ఎటు పడాలో అటు పడలేదు. సీటు బిగించి చూస్తే ఎడమకు ఒరిగింది.

"తర్వాత సరిచేస్తా," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ.

"అవసరం లేదు," అంది ఆవిడ.

స్టీలు మోకాలితో కిక్కు కొట్టడం ఆయన వల్ల కాలేదు. మెకానిక్ కొట్టాడు. అయిదోసారికి బండి దగ్గి, ఉమ్మి, లేచింది. పొగ క్రోమంతా కమ్మేసింది. ఆవిడ ఎక్కి, నాలుగు వేళ్ళు ఆయన భుజం మీద వేసింది. ఎముక మునుపటికంటే దగ్గరగా తగిలింది. ఈ భుజం ఇంకెన్నాళ్ళు, ఏ మలుపు దాకా అన్న భయం మామూలుగానే వచ్చింది. ఈసారి ఆవిడ కిటికీ దగ్గర లేదు. మలుపు వస్తే ఇద్దరూ కలిసే తిరుగుతారు.

వీధి చివరిదాకా ఆయన మొదటి గేరులో లాగాడు. అక్కడ రెండోది వేశాడు. ఇక మార్చలేదు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆవిడ ముఖం ఆరిపోయి ఉంది. ఆయన చొక్కా వీపు ఇంకా ఆరలేదు. భూతద్దం వెళ్ళిపోయాడు. షెడ్డులో డ్రిల్లు కింద మార్కుల కాగితం పెట్టి ఉంది. పత్రం ఇవ్వడం కుదరదని పైనే రాశాడు. ఆయన కాగితం దూరంగా పట్టుకుని ఒక్కో గడీ చదివాడు. రంగు: చెడింది. చిల్లులు: వంకర. నడక: రెండో గేరు, క్షమించరానిది.

"వెనక సీటుకు ఏం రాశాడు?" అంది ఆవిడ.

ఆయన కాగితం ఆవిడకే ఇచ్చాడు. ఆ గడిలో మార్కులేమీ లేవు. గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "ఉంది. ఖాళీ లేదు."