వానకొకటి, ఎండకొకటి

ముందు వరుసలో పదకొండో కుర్చీ కొంచెం ఊగింది. తిరుపతి దాని వీపు మీద అరచేయి ఆనించి మళ్లీ నొక్కి చూశాడు. ఊగింది. దాన్ని తానే మోసుకెళ్లి గోడ పక్కన పెట్టి, వెనక నుంచి ఇంకొకటి తెచ్చాడు. హైటెక్ సిటీలోని ఆ హోటల్ హాల్లో కుర్చీలు సర్దడానికి ఆరుగురు పనివాళ్లున్నారు. సభలూ వేడుకలూ ఏర్పాటు చేసేవాళ్ల సంఘానికి ఆయన తొమ్మిదేళ్లుగా అధ్యక్షుడు. అయినా హఫీజ్‌పేట్‌లో షామియానాలు కిరాయికిచ్చిన రోజుల నుంచీ కుర్చీని ఒకరి మాట మీద నమ్మే అలవాటు లేదు. ఈమధ్య మనుషుల్నీ నమ్మడం లేదు.

పొట్టి మనిషి. నెరిసిన గుబురు మీసం, గుంజలు మోసి మోసి కాయ కట్టిన కుడి భుజం. తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, ఒకటి రాయకపోతే రెండోది.

నాలుగింటికి ఎన్నిక. ఫలితం చెప్పగానే పదవుల్లోకి వచ్చినవాళ్లూ దిగినవాళ్లూ కొత్త బ్యాడ్జీలు మెడలో వేసుకుని ఫోటో దిగడం సంఘం ఆనవాయితీ. ఈసారి పోటీలో ఉన్నది సాయిచంద్, నార్సింగిలో పెద్ద కంపెనీ నడిపే కుర్రవాడు. అతనంటే తిరుపతికి భయం లేదు. భయమంతా కార్యదర్శి ఉమాశ్రీ గురించే.

పన్నెండేళ్ల కిందట కాకినాడ నుంచి వచ్చినప్పుడు ఆమెకు మైకు పట్టుకోవడం కూడా రాదు. పని నేర్పింది ఆయనే. మొదటిరోజు చెప్పిన మాట ఆమె నోటుబుక్కులో రాసుకుంది కూడా. "ఏదైనా రెండు పెట్టుకోవాలె బిడ్డా. వానకొకటి, ఎండకొకటి." అలాంటి పిల్ల నెల రోజులుగా ఆయన గదిలోకి రాగానే ఫోను పెట్టేస్తోంది. పోయిన వారం మెట్రో స్తంభం పక్కన సాయిచంద్‌తో చాయ్ తాగుతూ కనబడింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ రోజు నుంచి ఆయన నోట 'బిడ్డా' పోయి 'మేడం' వచ్చింది. ఆమె గమనించింది, అడగలేదు.

"సార్, కాస్త ఏమన్నా తిని రండి. మళ్లీ షుగర్ పడిపోతుంది," అంది ఉమాశ్రీ, మైకు ఊది చూస్తూ.

"తిన్న మేడం," అన్నాడు. తినలేదు. తనను బయటికి పంపించి ఏం చేద్దామనో.

షామియానాల గోదాము ఇంకొకరికి ఇచ్చేసి ఆరేళ్లయింది. ఈ పదవి తప్ప పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లడానికి ఆయనకు మరో చోటు లేదు. కరోనా ఏడాది ఊళ్లో ఒక్క సభ జరగనప్పుడు డేరాలవాళ్ల ఇళ్లకూ, మైకులవాళ్ల ఇళ్లకూ బియ్యం మోసింది ఈ భుజమే. అధ్యక్షుడు కాకపోతే రేపు ఈ హాలు గుమ్మం దగ్గర ఆగి ఎవరు పలకరిస్తారు? ఆ దిగులు ఆయనకు అన్నం సహించనివ్వలేదు.

మూడున్నరకు గుమ్మం దగ్గరి బల్ల వద్దకు వెళ్లాడు. ఎవరూ తీసుకోని బ్యాడ్జీలు లెక్కపెట్టి, రానివాళ్లెవరో చూసుకోవడం ఆయనకు ప్రతి సభలోనూ అలవాటు. పెట్టెలో పదమూడు మిగిలాయి. వాటి వెనక, కొత్త ప్లాస్టిక్ తొడుగులో, ఆయన పేరే కనబడింది. కింద 'మాజీ అధ్యక్షులు' అని ఉంది.

ఇంకా ఒక్క ఓటూ పడలేదు. ప్రతి పెట్టె అడుగుదాకా చూసే మనిషి ఆ పెట్టెను మూసేశాడు. బ్యాడ్జీని జేబులో పెట్టుకుని నేరుగా వేదిక ఎక్కాడు.

"నేను ఈసారి నిలబడ్తలేను. సాయిచంద్ మంచిగ నడుపుతడు. ఇగ ఓట్లెందుకు," అన్నాడు. ఎవరో మొదలుపెడితే హాలంతా చప్పట్లు కొట్టింది. అందరూ ఫోటోకు లేస్తుంటే ఆయన గుమ్మం వైపు నడిచాడు.

ఉమాశ్రీ మైకుతోనే పరుగున వచ్చింది. "ఎందుకలా అన్నారండి?"

ఆయన జేబులోది తీసి బల్ల మీద పెట్టాడు. "ముందుగాలనే కొట్టించిన్రు గద, మేడం."

ఆమె దాన్ని చూసింది. పెట్టె తెరిచి, అడుగున కాగితాల కింద నుంచి ఇంకోటి తీసి పక్కన పెట్టింది. అదే పేరు. కింద 'అధ్యక్షులు'.

"రెండూ కొట్టించానండి. మీరు నేర్పిందే కదా."

తిరుపతి రెండింటినీ మార్చి మార్చి చూశాడు. సాయిచంద్‌తో చాయ్ ఎందుకు తాగిందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. లోపల ఫోటోగ్రాఫరు కొత్త అధ్యక్షుణ్ణి మధ్యలోకి జరగమంటున్నాడు.

"మైకు బంద్ చెయ్యి బిడ్డా, బ్యాటరీ దిగుతది," అన్నాడు. 'మాజీ' బ్యాడ్జీని మెడలో వేసుకుని, మెట్ల మీదుగా దిగిపోయాడు.

రెండోది బల్ల మీదే ఉంది. దాని నీలం తాడు మడత ఇంకా విప్పలేదు.