ఏరు దాటించేవాడు

ఫెరాఖర్ మా చెల్లెలు ఎఫీ మొగుడు. దొరగారి ఎస్టేటులో పద్దెనిమిదేళ్లు గిల్లీగా చేశాడు. చేపల కోసం వచ్చే అతిథుల గాలాలు మోసేవాడు, ఏ మడుగులో సాల్మన్ పడుకుని ఉందో చూపించేవాడు, బూట్లు తడవకూడదనుకునే పెద్దమనుషులను వీపున వేసుకుని ఏరు దాటించేవాడు. నేను అతని కింద పనిచేసేవాణ్ణి.

అతను మందు ముట్టడు. చర్చిలో ప్రార్థన మొదలుపెట్టే పెద్దల్లో ఒకడు. చేప పడినప్పుడల్లా అతిథి పోసి ఇచ్చే విస్కీని వద్దంటే మర్యాద కాదు కాబట్టి అందుకుని, ఆయన అటు తిరగ్గానే నా చేతిలో పెట్టేవాడు. "బావ పుణ్యాన నీకెప్పుడూ రెండు వాటాలు రా డూగల్," అని నవ్వేవాడు.

ఆ సెప్టెంబరులో హాలోవెల్ అనే ఆయన వచ్చాడు. భారీ మనిషి. పొద్దున్నే ఫెరాఖర్ ఆయన్ను అవతలి గట్టుకు మోశాడు. మధ్యాహ్నానికి రెండు చేపలు పడ్డాయి. ఫెరాఖర్ వాటా రెండు గుక్కలూ నా వాటాతో పాటు నేనే తాగాను.

నాలుగింటికి నీళ్లు రంగు మారాయి. మా దగ్గర చినుకు లేదు గానీ పైన కొండల మీద కురుస్తున్నట్టుంది. అడుగున రాళ్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"అయ్యా, ఇక దాటలేం. కింద నాలుగు మైళ్లలో వంతెన ఉంది, అటు నడుద్దాం," అన్నాడు ఫెరాఖర్.

"ఏడింటికి నాకు విందుంది. పొద్దున దాటావుగా? భయమేస్తోందా?"

"నా ఒక్కడికైతే భయం లేదయ్యా. నా వీపు మీద మీరుంటారు."

"మోయడానికే నీకు జీతం ఇస్తున్నారు," అన్నాడాయన.

ఫెరాఖర్ నా వైపు తిరిగాడు. "ముందు నువ్వెళ్లు. కొక్కెం కర్ర చాపి నిలబడు," అన్నాడు.

నేను చేపలతో, గాలాలతో ఎలాగో దాటాను. వాళ్లు నడి ఏటికి వచ్చేసరికి నీళ్లు ఫెరాఖర్ రొమ్ముకు తగిలాయి. హాలోవెల్ బెదిరిపోయి రెండు చేతులతో అతని మెడ బిగించాడు. ఒక చెయ్యి కళ్లకు అడ్డం పడింది.

"అయ్యా, చెయ్యి తీయండి, నాకు కనబడట్లేదు!"

ఆయన తీయలేదు. గట్టు రెండు గజాలుందనగా ఫెరాఖర్ కాలు జారింది. పడుతూనే ఆయన్ను నా వైపు తోశాడు. కర్ర ఆయన చేతికందింది. నేను రెండు చేతులతో కోటు పట్టి లాగాను. తల తిప్పి చూసేసరికి ఏటిలో నురగ తప్ప ఏమీ లేదు.

మూడో రోజున గొర్రెలు కడిగే వంపు దగ్గర శవం దొరికింది.

వారం తిరగకుండా ఎస్టేటు ఏజంటు ఎఫీ ఇంటికి వెళ్లాడు. గిల్లీ తాగి ఉన్నాడని హాలోవెల్ రాసిచ్చాడట. ఆ ఇల్లు ఉద్యోగంతో వచ్చిందట, కొత్త గిల్లీకి ఇవ్వాలట. చావు మీద జరగబోయే విచారణ గొడవ లేకుండా ముగిస్తే మాత్రం దొరగారు దయ చూపుతారట.

ఆ సాయంత్రం ఎఫీ నన్ను పిలిపించింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది.

"అన్నయ్యా, తాగాడని చెప్పు."

"నీకు మతి పోయిందా? చర్చిలో జనం ముందు ప్రార్థన చేసిన మనిషిని..."

"ఆయన పోయాడు. ఆయనకు గూడు అక్కర్లేదు. ముగ్గురు పిల్లల్ని తీసుకుని నేనెక్కడికి పోవాలి? నీ ఒంటి గదికా?"

"ఎఫీ, నా నోరెలా వస్తుందే?"

"నా నోరెలా వచ్చిందో చూశావుగా!" అని అరిచింది. గోడవైపు తిరిగి కూర్చుంది.

విచారణ బడి గదిలో జరిగింది. పట్నం నుంచి వచ్చిన అధికారి, "అతను తాగి ఉన్నాడా?" అని అడిగాడు.

"తాగాడు."

"ఎంత?"

"రెండు గుక్కలు. ఇంకా ఉండొచ్చు," అన్నాను. హాలోవెల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఫెరాఖర్ ముసలి తల్లి మాత్రం వెనక బల్ల మీంచి లేచి, ఎవరి సాయమూ లేకుండా నడిచి వెళ్లిపోయింది.

ఇల్లు ఎఫీకే ఉంచారు. ఫెరాఖర్ ఉద్యోగం నాకిచ్చారు. వద్దనలేదు.

ఆ వసంతంలో పాదిరిగారు తాగుడు గురించి గంటసేపు ప్రసంగించారు. పేరు చెప్పలేదు గానీ అందరి కళ్లూ ఎఫీ మీదే ఉన్నాయి. ఆమె తల దించలేదు. బయటికొచ్చాక దగ్గరికెళ్లి చెయ్యి చాచాను.

"నేనడిగిందే చేశావు, కాదనను," అంది మెల్లగా. "కానీ నిన్ను చూస్తే నేనడిగింది గుర్తొస్తుంది. మా గుమ్మానికి రాకు అన్నయ్యా."

వెళ్లలేదు. పదకొండేళ్లయింది. పోయిన నెల ఎఫీ పెద్దమ్మాయి పెళ్లయిందని దారిన పోయే పోస్టుమాన్ చెప్పాడు.