రెండో గేరు బతుకు

నేను ఒక పెట్రోలు ఇంజన్ని. పుట్టింది పెద్ద కారు కోసం, బతుకుతున్నది చిన్న కారులో. ఈ సంబంధం నేను కోరుకున్నది కాదు.

నా మొదటి యజమాని సుదర్శనం మందుల కంపెనీ ప్రతినిధి. నెల్లూరు నుంచి ఏలూరు దాకా హైవే అంతా మాదే. బండి నడుపుతూ ఆయన పాడే పాట శ్రుతిలో ఉండేది కాదు గాని యాక్సిలరేటర్ మీద కాలు మాత్రం బాగా ఆడేది. ఒకరోజు వెనకనుంచి లారీ వచ్చి గుద్దింది. ఆయన చిన్న గాయంతో బయటపడ్డాడు, కారు వెనక సగం నుజ్జయింది, నాకేమీ కాలేదు. దాన్ని అదృష్టమన్నారు అందరూ. అప్పుడే తుక్కయిపోయినా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంటుంది.

చిలకలూరిపేటలో పిచ్చయ్యకు డ్రైవింగ్ స్కూలు ఉంది. ఆయన కారులోని చిన్న ఇంజను నేర్చుకునేవాళ్ళ దెబ్బలకు పొగ కక్కి చచ్చిపోయింది. నుజ్జయిన కారులోంచి నన్ను విప్పి తన షెడ్డులో పెట్టుకున్న మెకానిక్ కాశిం ఆయనకు నన్ను చూపించాడు.

"అదే కంపెనీది మాస్టారూ, తర్వాతి మోడలు. దానికి రెండింతల బలం."

"పట్టుద్దా దాంట్లో?"

"పట్టకపోతే పట్టిస్తాగా!"

పట్టించాడు. పాత ఇంజనును పట్టి ఉంచిన ఇనప పట్టీలు కోసి, లోపలి రేకు కొట్టి వంచి, గేరుబాక్సుతో సహా నన్ను దించి బోనెట్ మూశాడు. నాకు ఊపిరాడలేదు. పక్కకు కదిలితే రేకు, ముందుకు కదిలితే రేడియేటరు. కాగితాల్లో నా నంబరు కూడా ఎక్కాక ఇక నేను ఆ కారు సొత్తునే.

మొదటి రోజే ఒక లెక్చరరు ఎక్కి కాలు కాస్త గట్టిగా వేశాడు. నాకు హైవే గుర్తొచ్చింది. ఎదురుగా ఉన్న టీకొట్టు బెంచీ రెండు ముక్కలైంది. దానిమీద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ మధ్యాహ్నమే పిచ్చయ్య ఒక చెక్కముక్క తెచ్చి, యాక్సిలరేటర్ పెడలు కింద పెట్టి, సైకిల్ ట్యూబు రబ్బరుతో బిగించి, పైన మ్యాటు కప్పాడు. ఇక పెడలు బొటనవేలంత మందం కూడా దిగదు. గుర్రాన్ని ఏరికోరి తెచ్చి కాళ్ళకు బంధం వేసే తెలివి మనుషులకే ఉంది. ఆనాటి నుంచి గ్రౌండులో ఎనిమిది అంకె ఆకారంలో తిరగడమే నా పని. మొదటి గేరు, రెండో గేరు, ఆగిపోవడం. ఎనిమిదికి మొదలూ లేదు, చివరా లేదు, బయటికి దారి అసలే లేదు. అలా ఏడాది తిరిగాను.

అప్పుడు అంకమ్మ వచ్చింది. నలభై దాటిన దర్జీ. రెడీమేడ్ బట్టలొచ్చి మిషను మూలపడ్డాక, మున్సిపాలిటీ చెత్తబండికి డ్రైవరుగా పని దొరికింది. లైసెన్సు తెచ్చి చూపించాలి. ఎనిమిది చక్కగానే తిప్పేది. కానీ నరసరావుపేటలో టెస్టు పెట్టేచోట ఆ ఏడే కొత్తగా మెరక ట్రాకు కట్టారు. మెరక మీద బండి ఆపి, వెనక్కి జారకుండా ఎక్కించాలి. టెస్టుకెళ్ళిన రెండుసార్లూ అక్కడే జారింది. నేను గింజుకున్నాను, చెక్క ఒప్పుకోలేదు. చీవాట్లు మాత్రం ఆమెకు.

"కాలు కదలదేందమ్మా నీకు? మిషను తొక్కడం కాదిది," అన్నాడు పిచ్చయ్య.

"మిషను తొక్కినదాన్ని గాబట్టే చెబుతున్నా సార్. పెడలు కింద ఏదో అడ్డం పడ్డది. కాలికి తెలుస్తా ఉంది."

"నాకు చెబుతున్నావా? ముప్పయ్యేళ్ళ నుంచి నేర్పుతున్నా!"

చెక్క సంగతి ఆయనకు తెలుసు. తీస్తే మళ్ళీ బెంచీలు విరుగుతాయని భయం, చెబితే పరువు పోతుందని ఇంకో భయం.

మూడోసారి ఇక ఆఖరు. సోమవారంకల్లా లైసెన్సు చూపకపోతే ఆ చెత్తబండి పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. టెస్టులో కారులో ఆమె ఒక్కతే ఉండాలి, పిచ్చయ్య గేటు బయట. మా ముందు ఇంకో రెండు కార్లున్నాయి. అంకమ్మ వంగి మ్యాటు ఎత్తింది.

"ఓరి నీ దుంపతెగ! ఇదా సంగతి!"

చేతిసంచిలోంచి కత్తెర తీసి రబ్బరు కత్తిరించింది. ఇప్పుడు భయం నాది. ఏడాదిగా కట్టేసి ఉన్న బలం, టీకొట్టు దగ్గరిలా ఎగిరిపడితే ఆమె నోటికాడ కూడు పోతుంది. కానీ ఆమె పట్టుబట్ట కుట్టేటప్పటిలా పాదం మెల్లగా, కొంచెం కొంచెంగా వేసింది. మెరక మీద ఆగాం. వెంట్రుకవాసి కూడా వెనక్కి పోలేదు. ఎక్కేశాం! నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది నాకు.

"పాస్. తర్వాత ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

గేటు బయట ఆమె చెక్కముక్కను పిచ్చయ్య చేతిలో పెట్టింది. "అడ్డం పడ్డది ఇదే సార్."

"పాసయ్యావుగా, ఇంకేంది?" అని ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ కట్టాడు, ఈసారి ఇనప తీగతో.

ఇప్పుడు అంకమ్మ చెత్తబండి రోజూ గ్రౌండు పక్కనుంచే వెళ్తుంది. నేను ఎనిమిది తిరుగుతుంటాను. మలుపు దాటగానే ఆమె మూడో గేరు వేస్తుంది, ఆ మోత నాకు తెలుసు.

మూడో గేరు నాకూ ఉంది.